మధ్య పెట్టెలో ఒక్క మాట

మా ఆవిడ సినిమాల్లో ఉంటుందని చెబితే జనం ముందు నన్ను ఎగాదిగా చూస్తారు, తర్వాత ఏ సినిమా అని అడుగుతారు. చాలావాటిలో అంటాను. గొప్పలకు పోతున్నానని వాళ్ళ అనుమానం. గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టమే, కాదనను. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం అక్షరాలా ఉన్నదే చెబుతున్నాను. ఆవిడ తెర మీద కనపడదు, వినపడుతుంది. అదీ సరిగ్గా వినపడదు.

ఆవిడది గుంపు గొంతు. సినిమాలో సంత జరుగుతుంది, జనం బేరమాడుతుంటారు. బస్సు ఆగుతుంది, తోసుకుంటూ దిగుతారు. కోర్టులో తీర్పు చెప్పగానే గుసగుసలు మొదలవుతాయి. ఆ రొద షూటింగులో పుట్టదు. తర్వాతెప్పుడో, కిటికీలు లేని ఒక గదిలో, ఏడెనిమిది మంది ఒకే మైకు చుట్టూ నిలబడి పుట్టిస్తారు. వాళ్ళకొక మేస్త్రి ఉంటాడు. ఆయన పెళ్ళి అంటే పెళ్ళివారైపోతారు, ఇల్లు తగలబడుతోందంటే గోల పెడతారు. మా ఆవిడ పొద్దున ఉల్లిపాయలమ్మి, మధ్యాహ్నం ఎవరో పోతే ఏడ్చి, సాయంత్రం కొత్త కోడలి మీద చాడీలు చెప్పి ఇంటికొస్తుంది. గొంతు బొంగురుపోయి ఉంటుంది, ముఖం మాత్రం వెలిగిపోతూ ఉంటుంది.

ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఒక్కరం కూడా ఆ గొంతును పట్టుకోలేకపోయాం. మా టీవీలో గుంపంటే బఠాణీలు వేయిస్తున్న చప్పుడే. అమ్మ పాపం తెరకు చెవి ఆనించి మరీ వినేది.

"ఏదే అమ్మాయ్, నువ్వెక్కడ?"

"అయిపోయింది అత్తయ్యా, ఇప్పుడే వెళ్ళిపోయింది."

"కాస్త గట్టిగా అనలేకపోయావా?"

"గట్టిగా అంటే మేస్త్రి బయటికి పంపించేస్తాడు. ఏ ఒక్క గొంతూ విడిగా తెలియకూడదు. అదే మా పని."

అమ్మకు ఈ మాట ఎన్నడూ మింగుడుపడలేదు. వినపడకుండా పని చెయ్యడమే పనితనం అని ఎవరైనా అంటే, వాళ్ళు తన కోడల్ని నిలువునా మోసం చేస్తున్నారనే ఆవిడ నమ్మకం.

అలాంటిది ఒకరోజు మా ఆవిడ ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే సోఫాలో కూర్చుంది. ఆ సోఫా నేను కుట్టిందే. నా వృత్తే అది, సోఫాలకు కొత్త స్పాంజీ కొత్త గుడ్డా వేస్తాను. దాని మీద చెప్పులతో కూర్చుంటే నాకు తిక్క రేగుతుందని ఆవిడకు తెలుసు. అయినా కూర్చుందంటే ఏదో జరిగిందన్నమాట. నేను నోరు తెరిచేలోపే చెప్పేసింది.

"ఇవాళ నాకు ఒక మాట ఇచ్చారు."

రోడ్డు మీద ప్రమాదం జరుగుతుందట. హీరో కింద పడి ఉంటాడు, చుట్టూ జనం మూగుతారు. జనంలోంచి ఒక ఆవిడ వంగి అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి ఒక మాట అంటుంది. ఆ మాట చెప్పాల్సినామె రాలేదు. మేస్త్రి మిగతావాళ్ళందర్నీ వెనక్కి జరగమని, మా ఆవిణ్ణి ఒక్కదాన్నే మైకు ముందు నిలబెట్టాడు.

"ఏం మాట?" అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని అంది. "ఎవరూ ముట్టుకోకండి, ఇంకా బతికే ఉన్నాడు."

వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఎవరు?"

ఆ పూట మేము నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు. మా బావమరిది కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వచ్చేసరికి ముగ్గురం సోఫాలో పడి ఉన్నాం. అతను మా ఆవిడ తమ్ముడు, మాతోనే ఉంటాడు. విషయం విన్నాక అతనూ అందులోనే వచ్చి పడ్డాడు. నా సోఫా కాబట్టి ఓర్చుకుంది.

కానీ మేస్త్రి ఇంకో మాట కూడా అన్నాడట. "ఆశ పెట్టుకోకు. ఇలాంటివి చివర్లో ఇంకెవరి గొంతుతోనైనా మార్చేస్తుంటారు. మార్చినట్టు గుంపువాళ్ళకి ఎవరూ కబురు పెట్టరు." ఉంచారో తీసేశారో సినిమా వచ్చిన రోజు వింటేనే తెలుస్తుంది. ఆ సినిమా హాళ్ళకు రావడం లేదు, నేరుగా టీవీలోనే వేస్తున్నారు, ఆదివారం మధ్యాహ్నం. మాది పాత టీవీ. దాటిపోయిన మాటను వెనక్కి తిప్పి వినే వీలు దాంట్లో లేదు.

ఆశ పెట్టుకోలేదని మా ఆవిడ నాతో చెప్పింది. గిన్నెలు కడుగుతూ చెప్పింది, బట్టలు మడత పెడుతూ చెప్పింది, చెప్పిన సంగతి మర్చిపోయి మళ్ళీ చెప్పింది. ఆశ లేని మనిషి అన్నిసార్లు చెప్పదు. ఆఖరికి అసలు సంగతి బయటపెట్టింది.

"ఉంటే మనింట్లో, మీ అందరి మధ్యా కూర్చుని వినాలి. లేకపోయినా మీ మధ్యే ఉండాలి నేను. ఒక్కటే, అది ఈ డబ్బాలో కాదు. ఇందులో ఎవరి గొంతైనా ఒకటే."

ఈ డబ్బా అంటే మా టీవీ. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. వెంటనే బావమరిది కేసి చూశాను. అతని దగ్గర ఒక యాంప్లిఫయరూ, ముందు పెట్టుకునే స్పీకర్లు రెండూ ఉన్నాయి. మా ఇంటికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుని మంచం కింద పెట్టాడు, వాటి మీద పాత బట్టల మూటలు పెట్టుకుంటున్నాం.

"బావా, ఇంకా మధ్యలో ఒకటి, వెనక రెండు కావాలి," అన్నాడు అతను. "సినిమాలో మాటలన్నీ మధ్య పెట్టెలోంచి వస్తాయి. గుంపూ, వానా, గాలీ వెనకవాటిల్లోంచి."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏమన్నావు నాయనా? గుంపు వెనకనుంచి వస్తుందా? అయితే ఇన్నేళ్ళూ మన కోడలు వెనక ఉంటే మనం ముందు వెతుకుతున్నామా?"

మరునాడే స్పీకర్ల దుకాణం తెరిచే వేళకు నలుగురం గుమ్మం ముందు ఉన్నాం.

ఆ దుకాణం యజమాని బతుకంతా చప్పుళ్ళమ్మి, తను మాత్రం గుసగుసగా మాట్లాడతాడు. మా గది ఎంత అని అడిగాడు. నేను చెప్పాను: నాలుగు మూరలు దాటితే గోడ, గోడకు ఆనుకుని సోఫా, పక్కన అమ్మ కుర్చీ. అమ్మ అందుకుంది.

"ఏం పెట్టినా పెట్టండి, నా కుర్చీ మాత్రం జరపకూడదు."

"మరీ మంచిదమ్మా. మీకు చిన్నవి కావాలి," అన్నాడాయన. అరచేతి వెడల్పున్న స్పీకర్లు చూపించాడు, గోడకు తగిలించేవి. మా మంచం కిందున్న కంపెనీ ఏదని అడిగి, అదే కంపెనీ, అదే రకం తీసుకోమన్నాడు. వేరే రకమైతే ఒకే మనిషి గదిలో అటునుంచి ఇటు నడిచేసరికి గొంతు మారిపోతుందట. ఇది నాకు తెలిసిన సంగతే. ఒకే సోఫాకు రెండు తానుల గుడ్డ వేస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ మాటే ఆయనతో అంటే, ఆయన నా వైపు గౌరవంగా చూశాడు. నాకు అలా అనిపించింది, అంతే.

మమ్మల్ని వినే గదిలో కూర్చోబెట్టి ఆయన దీపాలు తగ్గించాడు. హెలికాప్టరు వేశాడు. అది మా నెత్తిన చక్కర్లు కొట్టింది. తర్వాత అద్దాలు బద్దలయ్యాయి. తర్వాత ఏదో పేలింది, బావమరిది కళ్ళజోడు ముక్కు కొసకు జారింది. ఆయన మా మొహాలు చూసి తృప్తిగా తలూపుతున్నాడు.

"ఇవన్నీ సరేగాని, గుంపు ఉందా?" అంది మా ఆవిడ.

"ఏ గుంపమ్మా?"

"ఏదైనా. సంత, బస్టాండు, కోర్టు. మనుషులు ఉండాలి, మాట్లాడుతూ ఉండాలి. ఎవరి మాటా అర్థం కాకూడదు."

ఆయన తల గోక్కున్నాడు. "నేనీ వ్యాపారంలోకి వచ్చాక గుంపు కోసం స్పీకర్లు కొన్నవాళ్ళని చూడలేదమ్మా."

ఆవిడ సంచిలోంచి ఒక సినిమా డిస్కు తీసి ఇచ్చింది. అందులో ఒక సంత ఉంది. దీపాలు మళ్ళీ తగ్గాయి. తెర మీద హీరో హీరోయిన్లు ఏదో గొడవ పడుతున్నారు, మాకు వాళ్ళతో పని లేదు. మా వీపుల వెనక సంత మొదలైంది. ఎవరో తూకం గురించి దబాయిస్తున్నారు, ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. ఉన్నట్టుండి నా ఎడమ భుజం దగ్గర, స్పష్టంగా, మా ఆవిడ అంది: "నిన్న ఈ ధర లేదుగా, ఇవాళేం వచ్చింది?"

అమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. కుర్చీ వెనక ఎవరూ లేరు, గోడ మీద ఒక చిన్న పెట్టె ఉంది. అమ్మ దాన్ని చూసింది, పక్కనే నోరు మూసుకుని కూర్చున్న కోడల్ని చూసింది, మళ్ళీ పెట్టెను చూసింది.

"ఇక్కడున్నావటే," అంది.

అంతే, ఆ గదిలో మా పరువు అక్కడితో సరి. మళ్ళీ వెయ్యమని అమ్మ. ఇంకోసారి అని బావమరిది. ఆయన ఆ సంతను అన్ని రకాల స్పీకర్లలోనూ వినిపించాడు. ఒకదాంట్లో సంతంతా రేకు డబ్బాలో జరిగినట్టుంది. ఇంకోదాంట్లో జనమంతా దుప్పట్లు కప్పుకుని బేరమాడుతున్నారు. ఒకటి మరీ ఖరీదైంది, అందులో ఉల్లిపాయల మీద పొట్టు కూడా వినపడుతుందేమో అనిపించింది, కానీ అది మా గోడకు మించిన పరిమాణం. అన్నీ పోగా మా ముందు జతకు తోబుట్టువులైన చిన్నవే నిలిచాయి. వాటిలో మా ఆవిడ మా ఆవిడలాగే ఉంది. ఈలోగా దుకాణం ఆయనకే ఆ మాట కంఠతా వచ్చేసింది. వేరే గిరాకీ ఎవరో వచ్చి ధర అడిగితే "నిన్న ఈ ధర లేదుగా" అని తనే అనేసి నాలిక కరుచుకున్నాడు.

"మరి మధ్యది?" అన్నాడు చివరికి. "అసలు అదే ముఖ్యమండీ. ముందు అది వినాలి."

"అదీ అదే కంపెనీది ఇచ్చేయండి," అన్నాను. వెనక వాటి విజయంతో నాకు ఒళ్ళు తెలియడం లేదు. అమ్మా, బావమరిదీ అప్పటికే వెనక పెట్టెల్ని ఒళ్ళో పెట్టుకుని బయటికి నడుస్తున్నారు.

మా ఆవిడ మాత్రం ఆగింది. బల్ల మీద ఆ మధ్య పెట్టె అడ్డంగా పడుకుని ఉంది, పొట్టిగా, బుద్ధిగా. దాని మీద వేలు పెట్టింది.

"ఒక్కరే మాట్లాడితే ఇందులోంచే వస్తుందా?"

"ఒక్కరైతే ఇందులోంచేనమ్మా," అన్నాడాయన.

ఆవిడ దారి పొడుగునా ఆ పెట్టెను తనే మోసుకొచ్చింది, ఎవరడిగినా ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక బావమరిది వెనకవి రెండూ సోఫాకు చెరోపక్క, కూర్చున్నవాళ్ళ చెవులకు జానెడు పైన, గోడకు బిగించాడు. అమ్మ కుర్చీ అంగుళం కూడా జరగలేదు. మధ్యదాన్ని టీవీ కింద పెట్టి, మూతి కొద్దిగా పైకెత్తడానికి ముందుపక్క అడుగున ఒక చెక్కముక్క ఉంచాడు. అంతా ముచ్చటగా ఉంది. నా కంటికి ఒక్కటే లోటు కనిపించింది. ఆ మధ్య పెట్టె నల్లగా, బోడిగా, మా సోఫాకూ కర్టెన్లకూ ఏ సంబంధం లేకుండా ఉంది. మా ఆవిడ మాట రావాల్సిన పెట్టె అలా దిక్కులేనిదానిలా ఉంటే నేను ఊరుకుంటానా?

ఎవరూ లేని వేళ చూసి దానికి బట్టలు కుట్టాను. మంచి రకం, మెరూన్ రంగు రెక్సిన్. అడుగున పల్చగా స్పాంజీ. మూలలు మడిచి, వెనకనుంచి వైరుకు కన్నం వదిలి, కుట్టు కనపడకుండా లాగి బిగించాను. నా చేతిమీదుగా వెళ్ళిన వాటిలో అంత చిన్నది, అంత అందమైనది ఇంకోటి లేదు. సాయంత్రం అందర్నీ పిలిచి కూర్చోబెట్టి ఒక సినిమా వేశాను.

హీరో నోరు తెరిచాడు. బుగ్గన ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది.

"పాపం, పడిశం పట్టినట్టుంది," అంది అమ్మ.

హీరోయిన్‌కూ పట్టింది. విలన్‌కూ పట్టింది. న్యాయమూర్తి తీర్పు చదివేసరికి బావమరిది నేల మీద దొర్లుతున్నాడు. "బావా, నువ్వు స్పీకర్‌కి స్వెట్టర్ తొడిగావు" అని, ఊపిరాడక ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. స్పాంజీ శబ్దాన్ని మింగుతుందని ప్రపంచంలో ఎవరికన్నా ముందు నాకు తెలియాలి. పక్కింటి గోల ఆపడానికి నేనే ఎంతమందికో గోడలకు స్పాంజీ కొట్టాను. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి ఆ తొడుగును పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. తొడుగు ఊడొచ్చింది. దాంతోపాటు పెట్టె, పెట్టెతోపాటు వైరు, అన్నీ నా చేతిలోకొచ్చాయి. విసురుగా అన్నీ యథాస్థానంలో పెట్టి, మాట మళ్ళీ బాగా వస్తుండటంతో ఊరుకున్నాను. వైరు మర గట్టిగా బిగించానో లేదో చూడలేదు. కోపంలో ఉన్నవాడు మరలు చూడడు.

ఆదివారం వచ్చేదాకా మా ఇంట్లో ఇంకో పని జరగలేదు. మా ఆవిడ గొంతున్న డిస్కులన్నీ బయటికొచ్చాయి. తెరమీద కథ ఏమైపోతున్నా మాకు అక్కర్లేదు, అందరి చెవులూ వెనక్కే. అమ్మకూ బావమరిదికీ పోటీ పెరిగిపోయింది. ఎవరు ముందు పట్టుకుంటే వాళ్ళు సోఫా చేతి మీద చరిచి "ఎడమ" అనో "కుడి" అనో అనాలి. అమ్మ అసాధ్యురాలైంది. రైల్వే స్టేషన్ సీనులో, ఇంజను కూత కింద, మా ఆవిడ తగ్గు స్వరంలో "సామాను చూసుకోండి" అంటే పట్టేసింది. ఒక యుద్ధంలో సైనికుల మధ్య ఆడగొంతు ఎందుకుందని నిలదీసి, ఆ రోజు మగవాళ్ళు తక్కువ పడ్డారని కోడలిచేత ఒప్పించింది. బావమరిది ఓడిపోయి అలిగాడు. మా ఆవిడ ఇద్దరి మధ్యా కూర్చుని, తన గొంతు కోసం వాళ్ళు కొట్టుకుంటుంటే, కొత్తగా వచ్చిన చుట్టంలా సిగ్గుపడుతూ చూసేది.

నేను మాత్రం అప్పుడప్పుడూ టీవీ కింది పెట్టె వైపు చూస్తుండేవాణ్ణి. ఆవిడ కూడా చూస్తుండేది. మా చూపులు కలిస్తే ఇద్దరం తల తిప్పుకునేవాళ్ళం. ఆదివారం అందులోంచి వేరెవరి గొంతైనా వస్తే ఆవిడ ముఖం ఎలా ఉంటుందో తల్చుకోవడానికే నాకు భయమేసింది. ఇంత హడావిడీ చేసి, ఇన్ని పెట్టెలు మోసి, నేనే ఆవిణ్ణి ఆ క్షణానికి ఎదురుగా కూర్చోబెడుతున్నానేమో.

ఆదివారం భోజనాలు పెందరాళే కానిచ్చి కూర్చున్నాం. కర్టెన్లు వేశాం. సినిమా మొదలైంది. కథ బాగానే ఉందనుకుంటాను, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. మా ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ప్రమాదం ఎప్పుడొస్తుందో ఆవిడకు తెలుసు.

"ఇంకాసేపు," అంది. "ముందు వాళ్ళమ్మతో పోట్లాడతాడు. తర్వాత బండి తీస్తాడు."

హీరో వాళ్ళమ్మతో పోట్లాడటం మొదలుపెట్టాడు. చెయ్యెత్తాడు, పెదాలు కదిపాడు. మాట లేదు. గాలి ఉంది, సంగీతం ఉంది, వెనక ఎక్కడో కుక్క కూడా అరుస్తోంది. మాట మాత్రం లేదు.

బావమరిదీ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఇద్దరం ఒకేసారి అన్నాం: "మధ్యది."

నేను నేలమీద బోర్లా పడి టీవీ బల్ల వెనక్కి పాకాను. ఆ ఇరుకులో నా పొట్ట పట్టడమే గగనం. చూస్తే ఏముంది, నేను ఆ రోజు గుంజిన వైరే. మర వదులై, రాగి పోగు ఊడి బయటికొచ్చింది. మర బిగిద్దామంటే అది అరిగి ఊరికే తిరుగుతోంది. పోగును బొటనవేలితో దాని చోట అదిమి పట్టాను. పెట్టెలోంచి హీరో తల్లి ఏడుపు వచ్చింది.

"వచ్చింది బావా, కదలకు," అన్నాడు బావమరిది.

"కదిలితే?"

"చంపేస్తాను," అంది మా ఆవిడ. పెళ్ళయ్యాక నన్ను అంత ప్రేమగా బెదిరించింది అదే మొదటిసారి.

కాబట్టి నేను కదలలేదు. నాకు తెర కనపడదు. గోడా, దుమ్మూ, వైర్లూ కనపడుతున్నాయి. చెవి మాత్రం పెట్టెకు ఆనుకుని ఉంది. నేను నల్లగా ఉందని తొడుగు కుట్టిన పెట్టె అదే. బొటనవేలు తిమ్మిరెక్కుతోంది.

"బండి తీశాడు," అంది మా ఆవిడ. కాసేపాగి, "మలుపు," అంది.

ఢామ్మని శబ్దమైంది. బ్రేకులు, గాజు, ఎవరో పరిగెత్తడం. గదికి అటు చివర, వాళ్ళ వెనక, గుంపు లేచింది.

"ఎడమ," అని అమ్మ సోఫా చరిచింది.

"అది కాదు అత్తయ్యా, కుడి, కుడి వైపు ఇంకోసారి," అని బావమరిది చరిచాడు.

"అదీ తనే, ఇదీ తనే. అదిగో మళ్ళీ. ఎంతమందిగా ఉన్నావే?"

ఇద్దరూ వెనక్కి తిరిగి గోడకేసి వేళ్ళు చూపిస్తూ, ఒకరి మాట మీద ఒకరు పడుతూ, సోఫాను తబలా చేశారు. ఆ గోల మధ్య, నా చెవి పక్కనే, నా బొటనవేలి కింద, గుంపు వెనక్కి తగ్గింది. ఒక ఆడమనిషి ఊపిరి తీసుకుంది.

ఆ మాట వచ్చింది.

వచ్చిన వెంటనే అంబులెన్సు మోత వచ్చేసింది, సీను ఆసుపత్రిలోకి మారిపోయింది. గదిలో చరుపులు ఒక్కసారిగా ఆగాయి.

"ఇంకా రాలేదా?" అంది అమ్మ.

ఆసుపత్రిలో డాక్టరు ఏదో చెబుతున్నాడు.

"అయిపోయినట్టుంది అత్తయ్యా," అన్నాడు బావమరిది చిన్నగా. "మనం... మనం వెనక్కి చూస్తున్నాం."

"అయ్యో," అంది అమ్మ. ఆ ఒక్క అయ్యోలో ఏడుపు నిండి ఉంది. "నా నోరు పడిపోను. అమ్మాయ్, నువ్వు విన్నావు కదూ? నీదేనా?"

మా ఆవిడ ముఖం నాకు కనపడదు, గొంతు మాత్రమే వినపడుతోంది. ఆ గొంతులో నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"నేనూ వినలేదు అత్తయ్యా. మీరు వెనక్కి తిరిగి నా కోసం వెతుకుతుంటే, మిమ్మల్నే చూస్తూ ఉండిపోయాను."

నేను పట్టు వదిలేసి వెనక్కి పాకాను. డాక్టరు గొంతు పోయింది, ఎవరూ పట్టించుకోలేదు. బల్ల పక్కనుంచి తల బయటపెట్టాను. జుట్టంతా దుమ్ము, బూజు.

"నీదే," అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. చూసి, మెల్లగా తల అడ్డంగా ఊపింది. "మీరు ఎలాగైనా అంతే అంటారు. వేరేవాళ్ళదైనా నాదేననేవారు. నాకు తెలుసు మీ సంగతి."

అమ్మ కూడా నా వైపు అనుమానంగానే చూసింది. నేను గొప్పలు చెప్పే మనిషినని నా తల్లికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఉన్న ఒక్క నిజానికి సాక్షిని నేనే, నన్ను నమ్మేవాళ్ళు లేరు. గట్టిగా ఒట్టు వెయ్యబోయాను. అప్పుడు చెవిలో పడింది మొత్తం మళ్ళీ గుర్తొచ్చింది.

"అయితే ఇది చెప్పు," అన్నాను. "ఎవరూ ముట్టుకోకండి, ఇంకా బతికే ఉన్నాడు. అక్కడితో ఆపలేదు నువ్వు. కాస్త ఆగి, ఎవరితోనో చెప్పినట్టు కాకుండా, అతనితోనే అన్నావు. 'ఏం కాదు నాన్నా, మేమున్నాం' అన్నావు."

మా ఆవిడ లేచి నిలబడింది.

"అది వాళ్ళు చెప్పమన్నది కాదు. తెర మీద అతను అలా పడి ఉంటే ఊరుకోలేక నోట్లోంచి వచ్చేసింది. పాడు చేశానని మేస్త్రి చీవాట్లు పెట్టాడు. సిగ్గేసి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు." నా ముందుకొచ్చి నేల మీద కూర్చుంది. నా జుట్టులో బూజు కూడా తియ్యకుండా అడిగింది. "ఆ మాట మీకెవరు చెప్పారు?"

"నువ్వే," అన్నాను. "ఇప్పుడే. నా చెవిలో."